క్రీమ్ విరగకుండా, చేప చెదరకుండా: ఫిన్లాండ్ చేపల సూప్‌ను ఇంట్లో వండే పద్ధతి

హెల్సింకి రేవు పక్కనున్న కౌప్పతోరి అంగడిలో తిన్న సాల్మన్ సూప్ నచ్చి, పక్క ఊరు ఎస్పోలోని మీ ఇంట్లో వండి చూస్తే మూడు చిక్కులు వచ్చాయని రాశారు. క్రీమ్ పోసిన కాసేపటికే విరిగిపోయింది, చేప ముక్కలు ఎండిపోయి పొరలు పొరలుగా విడిపోయాయి, ఇంత చేసినా రుచి మాత్రం పాలలో ఉడికించిన బంగాళదుంపలా చప్పగా ఉంది. చేపకు ముందుగా ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచానని, ఆ తర్వాత దుంపలనూ చేపనూ కలిపి నీళ్లలో ఉడికించి చివర క్రీమ్ పోశానని కూడా చెప్పారు. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడి చేపలతో ఇదే సూప్ చేయవచ్చా అన్నది మీ నాలుగో ప్రశ్న. మొదటి మూడు చిక్కులకూ కారణం మీరు వివరించిన పద్ధతిలోనే ఉంది. చాలాకాలంగా ఈ దేశంలో ఉంటూ ఈ సూప్ వండుతున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా రుచి సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా రెండింటికంటే అదే పెద్ద సమస్య. ఇప్పుడు హోటళ్లలోనూ అంగడి గుడారాల్లోనూ కనిపించే, క్రీమ్ దండిగా పోసిన సాల్మన్ సూప్‌ను, అంటే లోహికెయిత్తోను చూసి, ఈ వంటకానికి క్రీమే ప్రాణమని కొత్తవారు అనుకోవడం సహజం. అయితే ఫిన్లాండ్ పల్లెల్లో కలకెయిత్తో అని పిలిచే మామూలు చేపల సూప్‌లో ఆ రోజు వలకు ఏ చేప పడితే ఆ చేప ఉండేది: హౌకి (పైక్), అహ్వెన్ (పెర్చ్), సీక (వైట్‌ఫిష్), చలికాలంలో మదె (బర్బట్). దానితో పాటు నీళ్లు, ఉల్లిపాయ, దుంపలు, ఉప్పు, నాలుగు మసాలా గింజలు. పాడి ఉన్న ఇళ్లలో పాలు పోసేవారు. ఏమీ పోయకుండా తేటగా వండుకునే పద్ధతి కూడా ఉంది, అది నేటికీ పోలేదు. బంగాళదుంప సైతం ఈ దేశానికి పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చినదే. అంతకుముందు ఇక్కడివారికి ప్రధానమైన దుంప టర్నిప్. నార్వే పెంపకపు సాల్మన్ ప్రతి దుకాణంలోనూ దొరకడం మొదలయ్యాక సాల్మన్, క్రీమ్ జంట ఇంత వాడుకలోకి వచ్చింది. కనుక ఈ సూప్ రుచి చేప తల, ఎముకలు మరిగించి తీసిన స్టాక్‌లో ఉంటుంది. క్రీమ్ ఆ రుచిని మెత్తబరుస్తుందే గాని, లేని రుచిని తెచ్చి పెట్టలేదు. చప్పని స్టాక్‌ను క్రీమ్‌తో కప్పిపుచ్చే హోటళ్లు ఇక్కడా తక్కువేమీ కాదు.

మీరు చేప ముక్కలను నీళ్లలో ఉడికించారు. ఎముక, చర్మం లేని ఫిలే ముక్క ఆ కొద్ది నిమిషాల్లో నీళ్లకు ఇవ్వగలిగేది చాలా తక్కువ. అది ఇచ్చేదాకా ఉడికిస్తే ముక్క పిప్పి అవుతుంది. అందుకే స్టాక్ వేరుగా తీయాలి. సూపర్ మార్కెట్ చేపల కౌంటరులో అడిగితే సాల్మన్ తల, వెన్నెముక చాలా తక్కువ ధరకు ఇస్తారు. పెద్ద చేపను ఫిలేగా కోసిన తర్వాత మిగిలే ఆ ముల్లుగూడును ఇక్కడ రువోతో అంటారు. ఎనిమిది వందల గ్రాముల నుంచి కిలో వరకు తీసుకోండి. తల తెచ్చాక మొదట చేయవలసిన పని, మొప్పలను కత్తెరతో పూర్తిగా కత్తిరించి పారేయడం. చేదు, నీచు వాసన ఎక్కువగా వచ్చేది వాటి వల్లనే. తర్వాత వెన్నెముక వెంట గడ్డకట్టిన నల్లటి రక్తాన్ని చెంచా మొనతో గీకి, చల్లటి నీళ్లు ధారగా పోస్తూ కడగండి. నిమ్మరసంతో వాసన పోగొట్టాలన్న ఆలోచన ఈ రెండు పనులూ చేశాక ఇక అవసరం లేదు.

శుభ్రం చేసిన తలను, ఎముకలను పెద్ద గిన్నెలో వేసి లీటరున్నర చల్లటి నీళ్లు పోయండి. వేడి నీళ్లు వద్దు. చల్లటి నీళ్లు నెమ్మదిగా కాగుతున్నప్పుడు మలినమంతా తెట్టుగా పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసేయడం తేలిక. తెట్టు తీశాక ఒక ఉల్లిపాయను నాలుగు ముక్కలుగా కోసి వేసి, లీక్ కాడల (ఇవి పెద్ద ఉల్లికాడల వంటివి) ముదురాకుపచ్చ భాగం, సోయకూర కాడలు, ఒకటి రెండు లారెల్ ఆకులు, ఎనిమిది పది ఆల్‌స్పైస్ గింజలు, ఐదారు తెల్ల మిరియాలు, చెంచాన్నర ఉప్పు చేర్చండి. ఇక్కడి దుకాణాల్లో ఆల్‌స్పైస్ మౌస్తెపిప్పురి పేరుతోనూ, లారెల్ ఆకు లాకెరిన్‌లెహ్తి పేరుతోనూ, సోయకూర తిల్లి పేరుతోనూ దొరుకుతాయి. ఆల్‌స్పైస్ అనగానే అది ఏవో మసాలాలు కలిపిన పొడి అనుకునేవారు మనలో ఉన్నారు. అది ఒకే చెట్టు కాయ; లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసినట్లుండే వాసన దానిది. ఎక్కడో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఈ గింజ లేకుండా చేపల సూప్ గాని, కరేలియా ప్రాంతపు మాంసపు కూర గాని ఫిన్లాండ్ ఇళ్లలో సాధారణంగా వండరు. గింజలను దంచకుండా అలాగే వేయాలి.

మంట సన్నగా ఉంచి, పైన ఒకటి రెండు బుడగలు మాత్రమే వచ్చేలా ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు మరిగించి దించేయండి. మాంసం ఎముకలను గంటల తరబడి మరిగించే అలవాటు ఉన్నవారు ఇక్కడ జాగ్రత్తపడాలి, ఎందుకంటే చేప ఎముకల సారం చాలా త్వరగా దిగుతుంది, ఆపైన మరిగిస్తే స్టాక్ చేదెక్కి జిగురు పడుతుంది. దించి పది నిమిషాలు ఆగి, సన్నని జల్లెడలో వడకట్టండి. పెంపకపు సాల్మన్ తలలో కొవ్వు ఎక్కువ గనుక పైన నూనె పొర కడుతుంది. అందులో సగం తీసేసి సగం ఉంచండి. ఈ దశలో స్టాక్‌ను ఒక చెంచా చవి చూడండి. ఉప్పు తప్ప మరేమీ కలపకుండానే తాగాలనిపిస్తే సూప్ కుదిరినట్లే. తల, ఎముకలు దొరకని రోజున సీసాల్లో అమ్మే గాఢమైన చేప స్టాక్ వాడవచ్చు, దాన్ని కలఫోండి అంటారు. అయితే అందులో ఉప్పు చాలా ఎక్కువ, కనుక వేరే ఉప్పు వేయకుండా మొదలుపెట్టండి.

చేప ఎంపికలో మీకు నచ్చిన సాల్మన్‌తోనే మొదలుపెట్టడం మంచిది. కిర్యోలోహి, అంటే రెయిన్‌బో ట్రౌట్, దాదాపు అంతే బాగుంటుంది. ఫిన్లాండ్‌లోనే పెంచుతారు, తరచుగా చౌకగా కూడా దొరుకుతుంది. తెల్ల చేపల్లో కుహకు (జాండర్‌కు) ముళ్లు తక్కువ, రుచి సున్నితం. హౌకి రుచి మంచిదే గాని దాని నడుము భాగంలో ఆంగ్లాక్షరం వై ఆకారపు ముళ్లు ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో అది ఓపిక పరీక్షించే చేప. ఇక మదె గురించి చెప్పకుండా ఉండలేను. కాడ్ అనే సముద్రపు చేప కుటుంబానికి బంధువై ఉండి మంచినీళ్లలో బతికే ఈ చేప గడ్డ చలిలో, మంచు గడ్డ కట్టిన సరస్సుల అడుగున గుడ్లు పెడుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచుకు రంధ్రం చేసి పడతారు. చూడడానికి పెద్ద తలతో, పెద్ద మూతితో ఏమంత అందంగా ఉండదు, దాని చర్మాన్ని తల దగ్గర గాటు పెట్టి మొత్తం ఒలిచేయాలి. కాని దాని మాంసం గట్టిగా, తెల్లగా, కొంచెం తియ్యగా ఉంటుంది, కాలేయాన్ని కూడా సూప్‌లోనే వేస్తారు. ఒక చలికాలం గడిచాక, సాల్మన్ సూప్ చేయి తిరిగాక, మదె సూప్ వండి చూడండి. నా మట్టుకు నాకు సాల్మన్ సూప్ దాని తర్వాతే.

ఆరోగ్యానికి సంబంధించిన రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. మంచినీటి చేపలైన హౌకి, అహ్వెన్, మదెల ద్వారా బద్దెపురుగు మనుషుల్లోకి వస్తుంది. ఒకప్పుడు ఫిన్లాండ్‌లో ఇది విస్తారంగా ఉండేది, దాని వల్ల బి12 విటమిన్ లోపించి రక్తహీనత కూడా వచ్చేది. కనుక సరస్సు చేపలను లోపలి దాకా పూర్తిగా ఉడికించాలి, వాటి గుడ్లను పచ్చిగా తినదలిస్తే ముందుగా డీప్ ఫ్రీజ్‌లో గడ్డ కట్టించాలి. రెండోది, గర్భిణులు హౌకి తినవద్దని, పిల్లలు, యువత, పిల్లలను కనే వయసువారు బాల్టిక్ సముద్రపు సహజ సాల్మన్‌ను నెలకు ఒకటి రెండు సార్లకు మించి తినవద్దని ఇక్కడి ఆహార సంస్థ సలహా ఇస్తుంది. మొదటి దానికి పాదరసం, రెండో దానికి డయాక్సిన్లు అనే విషపదార్థాలు కారణం. పెంపకపు సాల్మన్‌కు, ట్రౌట్‌కు ఈ పరిమితి లేదు.

ఇక వంట. నలుగురికి అరకిలో చర్మం తీసిన సాల్మన్ ఫిలే, ఆరు వందల యాభై గ్రాముల దుంపలు, ఒక పెద్ద లీక్ కాడ, ఒకటి రెండు క్యారెట్లు, ముప్పై గ్రాముల వెన్న, రెండు వందల మిల్లీలీటర్ల క్రీమ్, ఒక కట్ట సోయకూర సరిపోతాయి. వంటకాల్లో రెండు డెసిలీటర్లు అని రాసి ఉంటే అది ఈ రెండు వందల మిల్లీలీటర్లే. దుంపలు కొనేటప్పుడు సంచి రంగు చూడండి: ఆకుపచ్చ గుర్తున్నవి ఉడికినా విడిపోని గట్టి రకం, ఎరుపు గుర్తున్నవి పిండిపిండిగా అయ్యేవి, పసుపు గుర్తున్నవి రెంటికీ మధ్యస్థం. సూప్‌కు ఆకుపచ్చవి తీసుకుని, వాటితో పాటు ఒకే ఒక్క పిండి దుంపను చిన్న ముక్కలుగా కోసి వేస్తే, అది కరిగిపోయి సూప్‌కు తనంతట తానే చిక్కదనం ఇస్తుంది.

చేపను మూడు సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కోసి, అర చెంచా ఉప్పు మాత్రమే చల్లి, పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. మన అలవాటు ప్రకారం పట్టించే వాటిలో ఈ సూప్‌కు పనికివచ్చేది ఉప్పు ఒక్కటే. దానివల్ల ముక్క కొంచెం గట్టిపడి, ఉడికేటప్పుడు చేప నుంచి తెల్లగా చిమ్మే మాంసకృత్తు తగ్గుతుంది. పసుపు వేస్తే రుచి చెడిపోదు గాని రంగు మారుతుంది, సోయకూర వాసనకు అడ్డు వస్తుంది. నిమ్మరసం సంగతి తర్వాత చెబుతాను.

మందపాటి అడుగున్న గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన లీక్ తెల్ల భాగాన్ని రంగు మారనివ్వకుండా ఐదారు నిమిషాలు మెత్తబడనివ్వండి. ఉల్లిపాయ ఎర్రగా వేగితేనే కూర అని నేర్చిన చేయి ఇక్కడ తొందరపడకూడదు. వేగిన వాసన ఈ సూప్‌లోకి రాకూడదు. తర్వాత దుంపలు, క్యారెట్లు వేసి, అవి మునిగి ఒక వేలు ఎత్తు పైకి వచ్చేలా వేడి స్టాక్ పోసి, మూత వారగా పెట్టి, చాకు మొన సులువుగా దిగేదాకా పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికించండి. ఇప్పుడు ఉప్పు సరిచూసి, క్రీమ్ పోసి, రెండు మూడు నిమిషాలు సన్నసెగ మీద కాగనివ్వండి. క్రీమ్ చేప కంటే ముందు పడాలి. చేప వేశాక క్రీమ్ పోస్తే గిన్నె చల్లబడుతుంది, మళ్లీ కాగే వరకు మంట పెట్టాల్సి వస్తుంది, ఆలోగా చేప ఎండిపోతుంది. మీకు జరిగింది అదే.

క్రీమ్ కాగిన తర్వాత పొయ్యి ఆపేసి, చేప ముక్కలను ఒక్కొక్కటిగా జార్చి, మూత పెట్టి ఐదు నిమిషాలు కదల్చకుండా వదిలేయండి. దుంపలలో, స్టాక్‌లో ఉన్న వేడి అరకిలో సాల్మన్‌ను ఉడికించడానికి చాలు. ముక్కను విడదీస్తే పొరలు తేలికగా జరగాలి, నడుమ కాస్త గులాబీ రంగు మిగలాలి. లోపలి ఉష్ణోగ్రత యాభై నుంచి యాభై అయిదు డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే అలా ఉంటుంది. ఇది పెంపకపు సాల్మన్‌కు మాత్రమే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. సరస్సు చేప అయితే సన్నసెగ మీదే ఉంచి, మాంసం పూర్తిగా తెల్లబడి ముల్లు నుంచి విడిపోయేదాకా ఉడికించండి. పల్లె పద్ధతిలో ఫిలేలు కోయకుండా, ఎముకతో ఉన్న చేప ముక్కలను దుంపల పొర మీద పరిచి వండుతారు. అప్పుడు గరిటె పెట్టరు, మన ఇళ్లలో చేపల పులుసుకు చేసినట్లే గిన్నెను రెండు చేతులా పట్టుకుని కుదుపుతారు. దించే ముందు తరిగిన సోయకూరలో మూడొంతులు కలిపి, మిగతాది వడ్డించేటప్పుడు పైన చల్లండి. సోయకూరను మరిగిస్తే వాసన పోయి గడ్డి రుచి మిగులుతుంది.

ఇప్పుడు క్రీమ్ విరగడం సంగతి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు పులుపు తగిలితే గడ్డలు కడుతుంది, వేడి ఉంటే మరీ త్వరగా. ఇంట్లో పనీర్ చేయడానికి మనం కావాలని చేసేది ఇదే. మీరు అరగంట సేపు నిమ్మరసం పట్టించిన చేప ఆ పులుపునంతా సూప్‌లోకి తెచ్చింది. దానికి తోడు తక్కువ కొవ్వున్న క్రీమ్ వాడి, గలగల మరిగించి ఉంటారు. కొవ్వు ఎంత ఎక్కువైతే మాంసకృత్తు వాటా అంత తగ్గుతుంది గనుక చిక్కటి క్రీమ్ త్వరగా విరగదు. ఇక్కడ కువోహుకెర్మ పేరుతో దొరికే చిక్కటి క్రీమ్ నమ్మకమైనది. రువోకకెర్మ అనే వంట క్రీమ్‌లో కొవ్వు తక్కువే అయినా దాన్ని వంటకు తట్టుకునేలా తయారుచేస్తారు, కనుక అదీ సరే. పాలతో చేయదలిస్తే ఒక పెద్ద చెంచా గోధుమపిండిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పోయండి. పిండిలోని గంజి పదార్థం పాలను విరగకుండా కాపాడుతుంది. కొన్ని వంటకాల్లో వైట్ వైన్ పోస్తారు, అది కూడా పులుపే. పోయదలిస్తే స్టాక్ దశలోనే పోసి మరిగించి తగ్గించాలి. నిమ్మరసం మీకు తప్పనిసరి అనిపిస్తే, గిన్నెలో వడ్డించుకున్నాక ఎవరి కంచంలో వారు ఒక చుక్క పిండుకోవచ్చు.

చేపనూ పాలనూ కలిపి తినవచ్చా అని మీ అత్తగారు సందేహపడ్డారని రాశారు. ఆయుర్వేదం ఈ రెంటినీ విరుద్ధాహారంగా చెప్పిన మాట నిజం, మన ఇళ్లలో బొల్లి వస్తుందన్న భయం దాన్ని ఆధారం చేసుకున్నదే. ఆధునిక వైద్యంలో చేప, పాలు కలిపి తినడం వల్ల బొల్లి వస్తుందనడానికి ఆధారం లేదు. బడి పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టడం 1948 నుంచి అమలులో ఉన్న ఈ దేశంలో, బడి భోజనాల్లో చేపల సూప్ ఎంతో మామూలు వంటకం. చేప అలర్జీ ఉన్నవారు, పాలు అరగనివారు జాగ్రత్త పడాలి, అంతే. రెండో వారికి లాక్టోజ్ లేని క్రీమ్, పాలు ఇక్కడ ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. అలాంటి పాలను ఇక్కడి పాల సంస్థ వాలియో 2001లోనే మార్కెట్లోకి తెచ్చింది. చేప, పాలు కలపకూడదన్న నమ్మకాన్ని గౌరవించి తినని పెద్దలకు తేట సూప్ పెట్టండి. దానికి ఏ లోటూ లేదని ముందే చెప్పాను.

హైదరాబాద్‌లో వండేటప్పుడు సాల్మన్ కోసం వెతకడం కంటే పండుగప్పను ఎంచుకోమంటాను. తెల్లటి గట్టి మాంసం, తక్కువ ముళ్లు, రుచిగల తల, అన్నీ ఉన్నాయి. దాని తల, వెన్నెముకలతోనే మంచి స్టాక్ వస్తుంది. కొరమీను కూడా బాగా ఒదుగుతుంది. వంజరం త్వరగా ఎండిపోతుంది గనుక వద్దంటాను. రోహు, బొచ్చెలను వాటి సన్న ముళ్ల వల్ల ముక్కలకు వాడకుండా, బొచ్చె తలను మాత్రం మొప్పలు తీసి స్టాక్‌కు వాడవచ్చు. ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మే రావస్‌కు సాల్మన్‌తో ఏ చుట్టరికమూ లేదు, అయినా అది మంచి చేపే, తెల్ల చేపగా భావించి వండండి. ఇవన్నీ మంట మీదే పూర్తిగా ఉడకాలి. ఆకుల విషయంలో జాగ్రత్త: బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతిది, లారెల్ వాసన దానికి లేదు, బదులుగా వేస్తే సూప్ పలావు వాసన కొడుతుంది. ఎండు లారెల్ ఆకులు, ఆల్‌స్పైస్ గింజలు ఇక్కడి నుంచే చిన్న పొట్లాల్లో తీసుకువెళ్లండి, మరిచిపోతే ఐదారు మిరియాలు, ఒకే ఒక్క లవంగం చాలు. మన సోయకూర ఇక్కడి దాని కంటే ఘాటైనది, సగమే వేయండి. శీతల గిడ్డంగిలో చాలాకాలం ఉన్న దుంపలు తియ్యబడతాయి, కొత్త దుంపలు అడిగి తీసుకోండి. లీక్ బదులు ఉల్లికాడల తెల్ల భాగం, ఒక చిన్న ఉల్లిపాయ సరిపోతాయి.

సూప్‌తో పాటు వెన్న రాసిన పుల్లటి రై రొట్టె తినడం ఇక్కడి ఆచారం. దీవుల ప్రాంతపు నల్లటి తీపి రొట్టె దొరికితే అది నాకు ఇంకా ఇష్టం. అన్నంలో కలుపుకుంటే ఏమీ కాదు గాని, దుంపలు ఉన్నాక అన్నం ఎక్కువవుతుంది.

మిగిలిన సూప్‌ను రెండు గంటలలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు, ఆ మర్నాడు కూడా తినవచ్చు. ఆలోగా స్టాక్, దుంపలు, ఆల్‌స్పైస్ బాగా కలిసి రుచి పెరుగుతుంది, చేప మాత్రం కొంత గట్టిపడుతుంది. ఎక్కువ మోతాదులో వండాలనుకుంటే ఆ పూటకు కావలసినంత చేపనే వేసి, మిగతా ముక్కలను పచ్చిగా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు సూప్‌ను వేడి చేసి పొయ్యి ఆపాక వేసుకోండి. వేడి చేసేటప్పుడు మరగనివ్వకండి, మైక్రోవేవ్ కంటే సన్నసెగ మీద గిన్నె మేలు.